ఒక్క మంగళవారం సాయంత్రం ఇవ్వండి: నెల్లూరు బౌలింగ్ లేన్ల యజమానులకు బహిరంగ లేఖ

నెల్లూరులో గేమ్ జోన్లు పెట్టి బౌలింగ్ లేన్లు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు, రేపోమాపో ఒంగోలులోనో కావలిలోనో పెడదామని లెక్కలు వేసుకుంటున్నవాళ్ళకు నమస్కారం.

అయ్యా,

ఆమధ్య ఒక ఆదివారం సాయంత్రం మా అమ్మాయి మీలో ఒకరి దగ్గర ఆడుతోంది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. ఐదో ఫ్రేములో, అంటే గేములోని పది వంతుల్లో ఐదోదాంట్లో, స్ట్రైకు పడింది: ఒక్క బాల్ దొర్లిస్తే పది పిన్నులూ పడిపోయాయి. ఆరులో స్ట్రైకు. ఏడులోనూ స్ట్రైకే. వరసగా మూడు పడితే దాన్ని టర్కీ అంటారు. ఆమెకది మొదటి టర్కీ. ఎనిమిదో ఫ్రేముకు బాల్ ఎత్తుకుని, తువ్వాలుతో రెండుసార్లు తుడిచి, పాదాలు సరిచేసుకుని నిలబడింది. అంతలో టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి, "సార్, ఈ లేన్ బర్త్‌డే పార్టీకి బుక్ అయింది, మీ టైమైపోయింది" అన్నాడు. ఇంకో గేముకు డబ్బు కడతానన్నాను. కుదరదన్నాడు. కౌంటర్లో ఎవరో మీట నొక్కారు. పైన స్క్రీను నీలంగా మారిపోయింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. బాల్‌ను ర్యాకులో పెట్టి, బూట్లు విప్పి ఇచ్చేసి వచ్చి బండెక్కింది. మినీ బైపాస్ దాటి వేదాయపాళెం వచ్చేదాకా నోరు విప్పలేదు. ఇంటి ముందు దిగాక ఒక్క మాట అడిగింది: "నాన్నా, ఆ మూడు స్ట్రైకులు ఎక్కడైనా రాసుంటాయా?"

ఎక్కడా రాసి లేవు. ఈ ఉత్తరం అందుకే.

ఆ కుర్రాడిది తప్పు కాదు, వాడి పని వాడు చేశాడు. ముందుగా డబ్బు కట్టి పిల్లాడి పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చినవాళ్ళదీ తప్పు కాదు. అద్దె, ఏసీ, కరెంటు బిల్లు, జీతాలు, ఇవన్నీ శని, ఆదివారాల పార్టీలతోనే గట్టెక్కుతాయని నాకు తెలుసు. నేను అడగబోయేది ఆదివారం సాయంత్రం కాదు.

ముందు నేనెవరో చెప్పాలి. మా వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు వీధికి నలుగురుంటారు. ఎక్కువమంది డ్రైవర్లుగానో, ఇళ్ళల్లో పనికో పోతారు. నాకు మాత్రం ఒక బౌలింగ్ సెంటర్లో మెషిన్ల పని దొరికింది. 2007 నుంచి 2018 దాకా, పదకొండేళ్ళు లేన్ల వెనకాలే బతికాను. ముందు నిలబడి ఆడేవాళ్ళకు కనిపించేది పది పిన్నులు, వాటి వెనక చీకటి. ఆ చీకట్లో నా ఉద్యోగం. బాల్ వచ్చి తెర మీద దబ్బున పడుతుంది. కింద బెల్టు పిన్నుల్ని వెనక్కి లాక్కుపోతుంది. పెద్ద చక్రం ఒక్కొక్క పిన్నును గరిటెతో తోడినట్టు పైకెత్తుతుంది. అక్కణ్ణుంచి దేని గదిలోకి అది పోయి, పది నిండాక కింద నిలబడతాయి. ఒక సెట్టు ఆటలో ఉంటే ఇంకో సెట్టు పైన సిద్ధంగా ఉంటుంది. అంటే మెషిన్‌కు ఇరవై పిన్నులు. వాటిలో ఒక్కటి అడ్డం తిరిగితే లేన్ మొత్తం ఆగిపోతుంది. మైకులో లేన్ నంబరు వినపడగానే స్విచ్ ఆపి, గ్రీజు చేతులతో లోపలికి దూరేవాణ్ణి.

అక్కడ వారంలో నాలుగు రాత్రులు లీగులే, అంటే ప్రతి వారం అదే గుంపు వచ్చి స్కోర్లు రాసుకుంటూ ఆడే పోటీలే. ఒక రోజు బ్యాంకువాళ్ళది, ఒక రోజు ఫిలిప్పీన్స్ వాళ్ళది. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు పాయెంగ్ పేరు ఎత్తితే పానా కింద పెట్టేసేవాళ్ళు. అసలు పేరు రఫాయెల్ నెపొముసెనో, వాళ్ళ దేశపు ఆటగాడు, ఎడమచేతి వాటం. 1976, 1980, 1992, 1996 సంవత్సరాల్లో బౌలింగ్ ప్రపంచకప్ గెలిచాడు. మనవాళ్ళు ఎన్టీఆర్ గురించి మాట్లాడినట్టే వాళ్ళు ఆయన గురించి మాట్లాడతారు. ఇంటికి డబ్బు పంపగా మిగిలిన నాలుగు దీనార్లతో వాళ్ళు లీగు ఫీజు కట్టేవాళ్ళు. ఆట మొదలవడానికి అరగంట ముందే వచ్చి గోడకు అంటించిన కాగితం దగ్గర గుమిగూడేవాళ్ళు. పోయిన వారం కంటే తమ సగటు రెండు పిన్నులు పెరిగిందా, తగ్గిందా అని చూసుకోవడానికి. ఆ కాగితాన్ని ప్రతి శుక్రవారం నేనే అంటించేవాణ్ణి. మెషిన్ బాగుచేసినప్పటి కంటే అది అంటించినప్పుడే నన్ను ఎక్కువమంది పలకరించేవాళ్ళు.

మీ లేన్‌ను ఒకసారి మీరే వంగి చూడండి. ఆటగాడు దాటకూడని గీత, అంటే ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. వెడల్పు నలభై ఒకటిన్నర అంగుళాలు, అందులో పక్కపక్కన 39 పట్టీలు. పిన్ను ఎత్తు 15 అంగుళాలు. బాల్ 16 పౌండ్లు మించకూడదు. అమెరికాలో లక్షల డాలర్ల పోటీ జరిగే లేన్‌కూ ఇవే కొలతలు. నెల్లూరులో ఏ ఆటకూ ఇంత నిక్కచ్చి మైదానం లేదు. దాన్ని మీరు ఇప్పటికే కొని, బిగించి, మీద రంగురంగుల లైట్లు కూడా పెట్టారు. షటిల్ కోర్టు కావాలంటే ప్రభుత్వాన్ని అడుగుతాం, రన్నింగ్ ట్రాక్ కావాలన్నా అడుగుతాం. ఈ ఆటకు మాత్రం మీరే దిక్కు.

పది పిన్నుల్ని పడగొట్టడమంటే బలంగా విసరడం అనుకుంటారు. కాదు. పిన్నుల నంబర్లు ముందు నుంచి వెనక్కి, ఎడమ నుంచి కుడికి. కుడిచేతి ఆటగాడు ఒకటో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య సందులోకి బాల్‌ను వంపుగా పంపాలి. చక్కటి స్ట్రైకులో బాల్ తాకేది నాలుగు పిన్నుల్నే: ఒకటి, మూడు, ఐదు, తొమ్మిది. ఒకటి పోయి రెండును, రెండు నాలుగును, నాలుగు ఏడును పడేస్తాయి. మూడు ఆరును, ఆరు పదిని. ఐదు ఎనిమిదిని. ఏడు పెంకులాట ఆడినవాడెవడైనా ఇది వినగానే కళ్ళు మూసుకుని చూడగలడు. తిన్నగా విసిరినా ఒకోసారి పది పడతాయి. కానీ మళ్ళీ మళ్ళీ పడాలంటే వంపు కావాలి. వంపు కావాలంటే లేన్ మీద నూనె కావాలి.

ఈ నూనె సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. అది కంటికి కనిపించదు. లేన్‌కు పాతిక ముప్పై మిల్లీలీటర్లు, దగ్గుమందు సీసాలో మూడోవంతు. మొదటి నలభై అడుగుల మేర పొరలాగా పరుస్తారు. నూనె ఉన్నంత దూరం బాల్ జారుతుంది. నూనె అయిపోయిన చోట నేలను పట్టుకుని మలుపు తిరుగుతుంది. మామూలు రోజుల్లో మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా వేస్తారు, గురి కొంచెం తప్పినా బాల్ దారికొస్తుంది. ప్రొఫెషనల్ పోటీల్లో ఆ దయ ఉండదు. అమెరికాలో పీబీఏ అనే ప్రొఫెషనల్ ఆటగాళ్ళ సంఘంవాళ్ళు నూనె వేసే తీరులకు చీతా, వైపర్, స్కార్పియన్, షార్క్ అని పేర్లు పెట్టారు. చీతా పొట్టి, నూనె తొందరగా ఆగిపోతుంది. షార్క్ పొడుగు, బాల్ ఎంతకీ తిరగదు. పైగా ఆట సాగేకొద్దీ బాళ్ళు నూనెను లాగేస్తుంటాయి. మొదటి గేములో స్ట్రైకు ఇచ్చిన చోటు మూడో గేముకు మోసం చేస్తుంది. మడిలో నీరు ఎక్కడ ఇంకిపోయిందో రైతు గట్టు మీద నిలబడే కనిపెట్టినట్టు, ఆటగాడు బాల్ పోయిన తీరు చూసి నూనె ఎక్కడ ఆరిందో కనిపెట్టాలి. ఈ ఆటలో కష్టమంతా అక్కడుంది, అందమూ అక్కడే ఉంది.

మీ లేన్లు ఎండిపోయాయి. ఒకరోజు ఉదయం ఎవరూ లేనప్పుడు అడిగి వేలితో రాసి చూశాను. జిడ్డు తగల్లేదు. దుమ్ము తగిలింది.

దాని ఫలితం మేం చెన్నైలో అనుభవించాం. అక్కడ ఒక ఓపెన్ టోర్నమెంటుకు మా అమ్మాయిని తీసుకుపోయాను. ఇక్కడ ఆమె సగటు 150 దగ్గర ఉంది. ఎండిన లేన్ మీద బాల్ తొందరగా ఎడమకు తిరిగిపోతుంది కాబట్టి, ఎడమ పక్కగా నిలబడి కుడివైపుకు విసరడం అలవాటు చేసుకుంది. అది తిరిగొచ్చి పిన్నులకు తగులుతుంది. చెన్నైలో అలాగే విసిరింది. నూనె మీద బాల్ తిరిగి రాలేదు. జారుతూ జారుతూ పోయి కుడివైపు గట్టర్లో, అంటే లేన్ పక్క కాలువలో పడింది. రెండోసారీ అంతే. లేన్ మీద ఉండే మూడో బాణం గుర్తు మీద గురి పెట్టమని వెనకనుంచి చెప్పాను, పాదాలు కుడికి జరపమన్నాను, కానీ మూడేళ్ళ అలవాటు మూడు గేముల్లో పోతుందా? మొదటి గేము 98. ఆ రోజు ఆరు గేముల్లో ఒక్కసారి కూడా 130 దాటలేదు. పక్క లేన్‌లో అదే వయసు పిల్ల ప్రతి రెండు ఫ్రేములకూ పాదం ఒక పట్టీ జరుపుకుంటూ ఆడింది. ఆ పిల్ల చెయ్యి మా పిల్ల చేతికంటే గొప్పదేమీ కాదు. ఆమెకు ఆడుకోవడానికి నూనె వేసిన లేనూ, ప్రతి వారం లీగూ ఉన్నాయి. షబ్బీర్ ధన్‌కోట్ లాంటి పలుమార్లు జాతీయ విజేత అయిన ఆటగాడు తమిళనాడు నుంచి వచ్చాడంటే ఆశ్చర్యం లేదు. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటల దూరం. మన పిల్లలకూ వాళ్ళ పిల్లలకూ ఉన్న తేడా ఆ దూరం కాదు.

ఇక సీజన్ గురించి. టీవీలో మెరిసిపోయే ప్రొఫెషనల్ బౌలింగ్ ఎలా మొదలైందో వినండి. 1958లో ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే ఊళ్ళో ఎడ్డీ ఎలియాస్ అనే లాయరు 33 మంది ఆటగాళ్ళను కూడగట్టి ప్రొఫెషనల్ బౌలర్స్ అసోసియేషన్ పెట్టాడు. అదే పీబీఏ. ఏక్రన్ టైర్ల ఫ్యాక్టరీల ఊరు. మరుసటి ఏడు, అంటే 1959లో, మొదటి సీజన్లో వాళ్ళు జరపగలిగినవి మూడే టోర్నమెంట్లు. మూడంటే మూడు. మొదటిది గెలిచింది లూ కాంపి. కుడిచేతివాళ్ళందరూ బాల్ వదిలేటప్పుడు ఎడమకాలు జారిస్తే ఆయన కుడికాలు జార్చేవాడు, అందుకని 'రాంగ్ ఫుట్' అని పేరు పడింది. తక్కిన రెండూ గెలిచింది డిక్ వెబర్, అంతకుముందు పోస్టాఫీసులో పనిచేసినవాడు. తర్వాతి ఏళ్ళలో ఏబీసీ చానెల్ శనివారం మధ్యాహ్నాలు ఈ పోటీలు చూపించడం మొదలుపెట్టి 1997 దాకా చూపించింది. 1975లో ఎర్ల్ ఆంథొనీ ఒకే సీజన్లో లక్ష డాలర్లు సంపాదించిన మొదటి బౌలర్ అయ్యాడు. డబ్బు తర్వాత వచ్చింది. మొదట వచ్చింది తేదీల పట్టిక. ఈ వారం ఈ ఊళ్ళో, వచ్చే వారం ఆ ఊళ్ళో, ఎవరికి ఎన్ని పిన్నులు, ఎవరు పైన, ఎవరు కింద అని రాసిపెట్టిన పట్టిక.

2012లో యూఎస్ ఓపెన్ ఫైనల్లో డిక్ వెబర్ కొడుకు పీట్ వెబర్ 215–214తో ఐదోసారి ఆ టైటిల్ గెలిచాడు. వాళ్ళ నాన్నవి నాలుగు. అన్ని దశాబ్దాల ఆట, తండ్రిని దాటడం, చివరికి ఒక్క పిన్ను మీద తేలింది. ఆ వీడియో కువైట్ గదిలో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ప్రతి ఫ్రేమూ రాసిపెట్టుకునే అలవాటు లేకపోతే ఆ ఒక్క పిన్నుకు విలువ ఎక్కడిది?

మనకు ఇది తెలియని సంగతి కాదు. ప్రకాశం జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఏ ఊరి తిరునాళ్ళు ఎప్పుడో ముందే తెలుసు కాబట్టి రైతు ఏడాదంతా ఆ రోజు కోసం ఎడ్లను మేపుతాడు. పాలపళ్ళ గిత్తల్ని సీనియర్ల మీదకు దించరు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. బండ ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు కదిలిందో టేపు పెట్టి కొలిచి, మైకులో చదివి, కాగితం మీద రాస్తారు. అంగుళం దగ్గర కూడా రాజీ పడరు. లీగు అంటే అంతకు మించి ఏమీ లేదు.

సమవుజ్జీలు లేరు కదా, కొందరికి 180 వస్తే కొందరికి 90 వస్తుంది కదా అంటారేమో. దానికి హ్యాండిక్యాప్ ఉంది. ఉదాహరణకు 200ను గీతగా పెట్టుకుని, ఆటగాడి సగటు దానికి ఎంత తక్కువో అందులో నూటికి తొంభై కలుపుతారు. సగటు 120 ఉన్న బ్యాంకు క్లర్కుకు 80 తక్కువ, 72 పిన్నులు కలుస్తాయి. సగటు 150 ఉన్న మా అమ్మాయికి 45 కలుస్తాయి. ఆ రోజు ఎవరు తమ మామూలు ఆట కంటే బాగా ఆడితే వాళ్ళదే గెలుపు. కొత్తవాడు కూడా మొదటి వారమే గెలవచ్చు, వచ్చే వారం మళ్ళీ వస్తాడు. మీకు కావలసింది కూడా అదే కదా.

నేను అడుగుతున్నది మంగళవారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. మంగళవారం మీ దగ్గర ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నేను చూస్తూనే ఉన్నాను. పిన్నులు నిలబడి ఉంటాయి, కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటుంటారు. నాలుగు లేన్లు, లేన్‌కు నలుగురు, మనిషికి మూడు గేములు. అంటే ఒక్క సాయంత్రానికి 48 గేములు. పన్నెండు వారాలకు 576. వాటికి డబ్బు కట్టే ఆడతాం. సీజన్ చివర మొదటి ఐదుగురికి పీబీఏ టీవీ ఫైనల్స్ పద్ధతిలోనే పోటీ పెడదాం: ఐదో స్థానంవాడు నాలుగో స్థానంవాడితో ఆడతాడు, గెలిచినవాడు మూడోవాడితో, అలా మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోయి పైన కూర్చున్నవాడిని ఎదుర్కోవాలి. ఆ పై స్థానం కోసం పన్నెండు వారాలు ఎవరూ మానకుండా వస్తారు.

లేన్లకు నూనె నేను వేస్తాను. లక్షలు పోసి మెషిన్ కొననక్కర్లేదు. మెషిన్లు రాకముందు చేత్తోనే వేసేవాళ్ళు. ముందు దుమ్ము తుడవాలి, తర్వాత స్ప్రేతో సన్నగా కొట్టి మాపుతో పరచాలి. పద్ధతి తెలిసిన చేతికి పెద్ద పనేం కాదు. డబ్బు అడగను. పార్టీలో పిల్లలు జారిపడతారని భయపడొద్దు. నూనె ఉండేది ఫౌల్ లైన్ అవతల, అటువైపు పిల్లల్ని అసలే పోనివ్వకూడదు. ఇప్పుడు పోనిస్తున్నారు, చూస్తుంటే నాకు గుండె దడ పుడుతుంది. ఆ గీత దాటితే వెలిగే ఫౌల్ లైటు తీగ పీకేసి ఉంది, దాన్ని తిరిగి కలపండి. పాటలు పెట్టుకోండి, డిస్కో లైట్లు వెలిగించుకోండి, వాటితో నాకు పేచీ లేదు.

మీలో కొందరివి దారం కట్టిన పిన్నులు. అసలు ఆటకు అవి పనికిరావని ఎవరైనా అంటే నమ్మకండి. పిన్ను పడే తీరు కొంత మారుతుంది, నిజమే, కానీ 2023లో అక్కడ ఈ ఆట నియమాలు చూసే సంఘం, అమెరికా బౌలింగ్ కాంగ్రెస్సే దాన్ని వేరే విభాగంగా గుర్తించింది. అందరం అదే దారం పిన్నుల మీద ఆడినప్పుడు లెక్క అందరికీ ఒకటే.

ఇంకొక మాట. మీలో ఒకరు నాతో, "ఇది ఆడపిల్లలు సరదాగా ఆడే ఆట, దీనికి టోర్నమెంట్లు ఏంటండీ" అన్నారు. 2010 జనవరిలో కెల్లీ క్యూలిక్ అనే ఆమె పీబీఏ టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్‌లో దిగింది. ఆ పోటీలో ఆమె తప్ప అందరూ మగవాళ్ళే. ఫైనల్లో క్రిస్ బార్న్స్‌ను 265–195తో ఓడించి టైటిల్ ఎత్తుకుపోయింది. పీబీఏ టూర్ టైటిల్ గెలిచిన మొదటి మహిళ ఆమే. మా అమ్మాయి ఆ పదో ఫ్రేమును ఫోన్లో చూస్తూనే అన్నం తింటుంది. పెద్ద ఊళ్ళల్లోనే ఆటగాళ్ళు పుడతారనే మాట కూడా విన్నాను. రెండు చేతులతో బాల్ విసిరి ఆట తీరునే మార్చేసి, 15 మేజర్ టైటిళ్ళు గెలిచిన జేసన్ బెల్మాంటీది ఆస్ట్రేలియాలో ఆరెంజ్ అనే ఊరు, మన నెల్లూరు కంటే చాలా చిన్నది. వాళ్ళ అమ్మానాన్నలు అక్కడ బౌలింగ్ సెంటర్ నడిపేవాళ్ళు. నడక వచ్చిన కొత్తలో బాల్ ఒక చేత్తో ఎత్తలేక రెండు చేతులతో తోశాడు. మీలాంటి ఒక యజమాని పిల్లాడతను.

పన్నెండు మంగళవారాల పట్టిక రాసి, జిరాక్సులు తీయించి, ఈ వారం మీ అందరి కౌంటర్లలో ఇస్తున్నాను. పదహారు పేర్లకు చోటుంటే ఇప్పటికి పదకొండు నిండాయి. ఇద్దరు బ్యాంకువాళ్ళు, ఒక ఆర్టీసీ కండక్టరు, పొగతోటలో ల్యాబ్ నడిపే ఒకాయన, ఆయన భార్య, కువైట్‌లో నాతో ఉండి ఇప్పుడు గూడూరులో టైర్ల కొట్టు పెట్టుకున్న మిత్రుడు, ఇంకా నలుగురు కాలేజీ పిల్లలు, మా అమ్మాయి. స్కోర్లు రాయడానికి నల్ల అట్ట పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి పేజీలో మా అమ్మాయి పది గళ్ళు గీసి, ఆ ఆదివారం తేదీ వేసి, ఐదు, ఆరు, ఏడు గళ్ళలో మూడు స్ట్రైకు గుర్తులు పెట్టింది. ఎనిమిదో గడి ఖాళీగా ఉంచింది.

ఇట్లు,
కువైట్‌లో పిన్ మెషిన్ల మెకానిక్‌గా పనిచేసి వచ్చిన ఒక తండ్రి,
వేదాయపాళెం, నెల్లూరు.